మాదాపురములో మగమ

(ధర్మనిధి స్మారకోపన్యాసము)



స్మారకోపన్యాసము చేయువారు మొట్టమొదట స్మరణీయుని పేరు చెప్పి, ఆయన గుణగణములను నాలుగు మాటలలో కొనియాడి, పిదప విషయములోనికి దిగుట మనలో ఆచారము. నాకా సౌకర్యము లేదు. ఏలననగా ఈ ధర్మనిధికి మూలధనము నిచ్చిన పెద్దమనిషి తన పేరు వేదికపై ఉచ్చరింపరాదనియు, ఫలకముపై చెక్కింపరాదనియు, ఆహ్వానపత్రికలో అచ్చువేయింపరాదనియు తన చేతివ్రాతతోనే వ్రాసియుంచి కన్నుమూసిరి. మాదాపురము ఇంకను పల్లెగా ఉన్న దినములలో ఆయన అక్కడ కిరాణాకొట్టు నడిపెడివారని మాత్రము చెప్పుటకు కుటుంబమువారు నాకు అనుమతి నిచ్చినారు. దానితోపాటు ఆయన ఆవర్జాపుస్తక మొకటి నా చేతిలో పెట్టినారు.

ఎర్రగుడ్డ అట్టతో, నడుమ దారముతో కుట్టిన నిలువుపాటి పుస్తకమది. మొదటి పుట మూలలలో పసుపు మరకలు, నడుమ శ్రీకారము. ధాన్యము కొలుచునప్పుడు 'ఒకటి' అనక 'లాభము' అని మొదలుపెట్టు మనవారి అలవాటునకు తగినట్లు, ఆ మాట శ్రీకారము క్రిందనే ఉన్నది. కందిపప్పు, బెల్లము, కిరసనాయిలు, అరువులు, వాయిదాలు, ఈ పద్దుల నడుమ ప్రతి నెలయు 'ధర్మము' అను ఖాతా ఒకటి కనబడును: బస్తా యొక్కంటికి ఇంతయని ఎత్తిపెట్టిన పైకము, దానికెదురుగా బావి చేదత్రాటికి, బడిపిల్లల పలకలకు, చెరువుదారిలో వానకు పడిన గండి పూడ్చిన కూలివారికి అని ఖర్చు. ఇంతవరకు వింత యేమియు లేదు. పాతకాలపు అంగళ్లలో ఇట్టి ఖాతా ఉండెడిదే. నన్ను నిలిపివేసినది ఆ పద్దు వ్రాసిన చోటు. లాభము తేలిన పిమ్మట మిగులునుండి ఆయన దానిని తీయలేదు. హమాలీకూలి, కాటాకూలి, బండికిరాయి వ్రాసిన వరుసలోనే, వాని తరువాతి పంక్తిలో, లాభము లెక్కకట్టుటకు ముందే వ్రాసినారు. ఆ పంక్తి స్థానమును గురించియే నేనీ దినము మాటలాడదలచితిని.

ఈ ఖాతా వంశము పెద్దది. కాకతీయయుగపు శాసనములతో పరిచయమున్నవారు 'మగమ' అను మాటను ఎరుగుదురు. నకరమనియు పెక్కండ్రనియు పేరుగొన్న వర్తకసమూహములు, స్వదేశి పరదేశి భేదము లేక ఒకచోట కూడి, తాము కొను సరకుపైనను అమ్ము సరకుపైనను పెరికకింత, బండికింత అని తమకు తామే యొక రుసుము విధించుకొని, దానిని గుడిలోని అఖండదీపమునకో చెరువు బాగుచేతకో ధారపోసి, మాట తప్పినవారికి తగులు పాపముల పట్టికతో సహా ఆ కట్టుబాటును రాతిపై చెక్కించెడివారు. రాజు విధించినది సుంకము, తాము విధించుకొన్నది మగమ. దీనికి జోడుగా రాజు పక్షమునుండి వెలువడిన మాట మోటుపల్లిలో ఉన్నది: 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనములో, తుపానుకు ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో పూర్వరాజులు దానిని బలాత్కారముగా హరించుచుండిరనియు, తాను నియతమైన సుంకము తప్ప వేరేమియు పుచ్చుకొననియు సముద్రవర్తకులకు మాటయిచ్చినాడు. అభయమును మగమను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, ఊరు వర్తకునకు ఏమి ఇచ్చెను, వర్తకుడు ఊరికి ఏమి ఇచ్చెను అను లెక్క జమాఖర్చుల రెండు పుటలవలె తెరచికొనును. ఆ సమూహములు ధర్మమూర్తుల గోష్ఠులని నేననుటలేదు. తమ వర్తకమునకు అడ్డు రాకుండ చూచుకొనుటలో వారును ఆరితేరినవారే.

ఆధునిక వాణిజ్యమండలుల కథను త్వరగా దాటెదను. నిజాము ఏలుబడిలో 1917లో హైదరాబాదున ఏర్పడిన మండలి నేడు రెడ్ హిల్సులో తెలంగాణ వాణిజ్య పరిశ్రమల మండలుల సమాఖ్యగా నిలిచియున్నది. చెన్నపట్టణపు తెలుగు వర్తకులు 1928లో ఆంధ్ర ఛాంబర్ ఆఫ్ కామర్సును స్థాపించుకొనిరి. ఇవి వినతిపత్రముల విద్యలో చేయి తిరిగిన సంస్థలు. వాని చరిత్రకు వేరొక సభ కావలయును.

మన ప్రాంతమునకు వత్తము. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించునాటికి ఆ గుండ్రని కట్టడము చుట్టును ఉన్నవి బండరాళ్లు, సీతాఫలపు పొదలు, కొన్నేండ్ల ముందు వెలసిన శిల్పారామము, ఒకప్పుడు గోలకొండకోటకు మంచినీరిచ్చినదని చెప్పుకొను దుర్గము చెరువు. పావుశతాబ్దము తిరుగునప్పటికి కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ అను పల్లెలు బస్సుల నుదుటిపై పేర్లుగా మాత్రము మిగిలినవి. అంత వేగముగా లేచిన పట్టణమునకు యజమాని యెవరు? శేరిలింగంపల్లి పురపాలకసంఘము 2007 ఏప్రిల్‌లో మహానగరపాలికలో కలిసినది. పారిశ్రామికవాడల లోపలి భాగములకు మౌలిక సదుపాయముల సంస్థ క్రింద 'ఐలా' అను వేరొక స్థానికాధికారము ఉన్నది. పోలీసులకు సైబరాబాదు కమిషనరేటు వేరు. రోడ్డు ఒకరిది, దాని క్రింది నాలా ఇంకొకరిది, పైనున్న దీపము మూడవవారిది.

ఇంతకంటె చిక్కైన సంగతి ఓటునకు సంబంధించినది. పగలు లక్షల జనముతో క్రిక్కిరియు ఈ వీధులలో పనిచేయువారి ఓటు కూకట్‌పల్లిలోనో మియాపూరులోనో ఉండును. కాదేని గుంటూరు, కరీంనగరములలో తల్లిదండ్రుల ఇంటినంబరు మీద ఉండును. కార్పొరేటరునకు వారి ముఖము తెలియదు, వారికి కార్పొరేటరు పేరు తెలియదు. వీధిదీపము వెలుగనిచో వారు ఆఫీసులో 'అడ్మిన్' వారికి చెప్పుదురు, అడ్మిన్ వారు సంఘమునకు చెప్పుదురు, సంఘమువారు కమిషనరునకు ఈమెయిలు పంపుదురు. పల్లెలలో గ్రామసభ చేయు పని ఇక్కడ వర్తకసంఘము నెత్తిన పడినది ఈ విధముగానే. దయచేతనో దాక్షిణ్యముచేతనో అది ఆ పనికి పూనుకొన్నదనుకొనుట పొరబాటు.

ఈ ఖాళీలో నిలిచిన సంఘములలో రెంటిని పేర్కొనెదను. హైసియా యని మనము పిలుచుకొను హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఎంటర్‌ప్రైజెస్ అసోసియేషన్ సైబర్ టవర్సు కంటె ఏడేండ్లు పెద్దది, 1991లో పుట్టినది; పరిశ్రమ క్షేమము, ప్రభుత్వముతో సంభాషణ దానికి ముఖ్యకార్యములు. రెండవది 2006లో సైబరాబాదు పోలీసులును ఐటీ సంస్థలును చేతులు కలిపి ఏర్పరచుకొన్న సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్. పోలీసు కమిషనరు దానికి అధ్యక్షుడు, ప్రధానకార్యదర్శి పరిశ్రమనుండి వచ్చును. పేరు వినగానే గేటుదగ్గరి కావలివాడు మనసునకు వచ్చును. ఆ భయమునకు కారణము లేకపోలేదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోను గోకుల్ చాట్ దగ్గరను బాంబులు ప్రేలిన నగరమిది. కాని పని చేయగా చేయగా 'భద్రత' అను మాటకు అర్థము గేటు దాటి వీధిలోనికి నడచినది. రాత్రిపాళీ ముగిసిన ఆడపిల్ల ఇల్లు చేరు దారి, ఆఫీసులో ఎవరితోను చెప్పుకొనలేని బాధ, హెల్మెట్టు లేని తల, మోసపు లింకును నొక్కిన వ్రేలు, ఇవన్నియు దాని లెక్కలోనికి వచ్చినవి.

2013 అక్టోబరులో మాదాపురమున ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగినికి, క్యాబని నమ్మి ఎక్కిన కారులో జరిగిన ఘోరము ఈ నగరమును కుదిపివేసినది. మరుసటి ఏడు అక్టోబరు 24న స్త్రీల రక్షణకై పోలీసుల షీ టీములు ఏర్పడినవి. పోలీసులు చేయవలసినది అది. వర్తకసంఘము చేయవలసినదేదని ఆలోచించి సెక్యూరిటీ కౌన్సిల్ కొన్నాళ్లకు వీధిలోనికి దింపినది 'షీ షటిల్' అను బస్సు: సంస్థలు సమకూర్చిన వాహనము, లోపల ఒక మహిళా భద్రతాసిబ్బంది, టిక్కెట్టు లేదు. రాష్ట్రప్రభుత్వము 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము కల్పించుటకు ఎన్నో ఏండ్ల ముందే ఈ చిన్నబస్సులు ఈ దారులలో తిరిగినవి. దీనికి తోడు 'మార్గదర్శక్' అను ఏర్పాటొకటి ఉన్నది. కార్యాలయముల నుండి కొందరిని ఎంచి, ఆపదలోనున్న సహోద్యోగిని మాటను మొదట వినుటకును, అవసరమైనచో పోలీసులయొద్దకు వెంట నడచుటకును తర్ఫీదు ఇచ్చెదరు. నా దృష్టిలో, ఈ ప్రాంతపు సంఘములు సాధించినవానిలో, సదస్సులు, పురస్కారములు, ఒడంబడికలు అన్నియు ఒక ఎత్తు, ఈ బస్సును ఈ మాట వినుటయు ఒక ఎత్తు.

మరియొకటి కంటితో చూచినది చెప్పెదను. ఒక సాయంకాలము బయో డైవర్సిటీ కూడలి దగ్గర, సంఘము పంపిన ట్రాఫిక్ వాలంటీరు ఒకామె, మెరుపుచారల జాకెట్టు తొడిగి, ఆఫీసు బ్యాగు వీపుననే ఉంచుకొని, చేయి అడ్డుపెట్టి నిలిచియున్నది. గీత దాటి వచ్చిన ఆటో డ్రైవరు తల బయటపెట్టి, "మేడమ్, మీరు పోలీసా?" అనెను. "కాదన్నా, ఆఫీసు అయిపోయినాంక వచ్చిన." "మరి జీతమెవ్వరిస్తరు?" "ఎవ్వరియ్యరన్నా." అతడు ఒక క్షణము ఆమెను ఎగాదిగా చూచి, "గట్లయితే జర ఎన్కకు పోత తియ్," అని బండిని గీత వెనుకకు తీసికొనెను. జరిమానా వ్రాయు యంత్రమునకు లేని పలుకుబడి ఆ జీతము లేని చేతికి ఎట్లు వచ్చినదో ఆలోచింపదగినది.

ఐతే చేయి అడ్డుపెట్టినంతమాత్రమున నీరు ఆగదు. 2023 జులై చివర కుండపోతగా వానలు కురిసినప్పుడు సైబరాబాదు పోలీసులు లాగౌటు వేళలను మూడు విడతలుగా విభజించిరి: ఐకియా నుండి సైబర్ టవర్సు వరకు ఉన్న సంస్థలు మధ్యాహ్నము 3 గంటలకు, ఐకియా నుండి బయో డైవర్సిటీ, రాయదుర్గము వరకు ఉన్నవి 4:30కు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు, గచ్చిబౌలి వారు 6 గంటలకు ఇండ్లకు బయలుదేరవలెను. ఒక నగరము తన వీధిని ఇంతమంది యజమానుల సమ్మతితో గంటల లెక్కన పంచుకొనుట సామాన్యమైన పని కాదు; సంఘములు ఏండ్లతరబడి పోలీసులతో కూర్చొని మాటలాడిన అలవాటు లేనిదే ఒక్క పూటలో ఆ మాట అన్ని కంపెనీలకు చేరదు. అట్లయ్యు నాకొక సందేహము. మెట్రోరైలు 2019 మార్చిలో హైటెక్ సిటీకిని నవంబరులో రాయదుర్గమునకును చేరినది. 2020 సెప్టెంబరు 25న దుర్గము చెరువుపై తీగల వంతెన తెరువబడినది. జనము వేగముగా కదలుటకు కావలసినవన్నియు అడిగి సాధించుకొంటిమి. వాన నీరు కదలుటకు కావలసిన నాలాలను గురించి అంత గట్టిగా అడిగితిమా? వంతెనకు ప్రారంభోత్సవముండును, పూడిక తీసిన నాలాకు ఉండదు.

కరోనాకాలమును గురించి కొంచెము నిలిచి చెప్పవలెను. 2020 మార్చి చివరకు ఈ అద్దాల మేడలన్నియు ఖాళీయైనవి. గచ్చిబౌలి క్రీడాగ్రామపు కట్టడము టిమ్స్ ఆసుపత్రిగా మారినది. సెక్యూరిటీ కౌన్సిల్ పోలీసులతో కలిసి ప్లాస్మా దాతలను వెదకి తెచ్చినది, అంబులెన్సులను నడిపినది. ప్లాస్మా చికిత్సను 2021 మే నెలలో వైద్యపరిశోధనామండలి తన సూచనలనుండి తొలగించినది. ప్రయోజనము లేదని తేలినది. అందుచేత దాతల కొరకు ఫోనులు చేసినవారి శ్రమ వ్యర్థమని నేననను. అర్ధరాత్రి ఒక అపరిచితుని కొరకు ఇంకొక అపరిచితుని నిద్రలేపుట నేర్చినవారు ఆ నేర్పును మరువరు. కాని అదే కాలమున ఇంకొక దృశ్యము. 2020 మే 1న తెల్లవారకమునుపే ఈ ప్రాంతపు అంచుననున్న లింగంపల్లి స్టేషనునుండి దాదాపు 1,200 మంది వలసకూలీలతో ఝార్ఖండ్ రాష్ట్రపు హటియాకు రైలు బయలుదేరినది. దేశములో మొదటి శ్రామిక్ రైలు అదియే. వారు కందిలో ఐఐటీ కట్టడముల పనికి వచ్చినవారు. ఇట్టివారే మన మేడలను కూడ కట్టినారు. మన సంఘముల సభ్యత్వపు పుస్తకములో కట్టించినవానికి చోటున్నది, అద్దెకు దిగినవానికి చోటున్నది, కట్టినవానికి లేదు.

ఇప్పుడు ఆవర్జా పంక్తికి తిరిగి వత్తును. 2013 నాటి కంపెనీల చట్టపు 135వ విభాగము 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 500 కోట్ల నికరవిలువయో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికరలాభమో గల కంపెనీ గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. తాను పనిచేయు ప్రాంతమునకును పరిసరములకును ప్రాధాన్యమీయవలెనని ఆ చట్టములోనే ఉన్నది. చట్టము వ్రాసినవారు ఎరిగి వ్రాసిరో ఎరుగక వ్రాసిరో గాని ఆ వాక్యములో మగమ శ్వాస ఉన్నది. ఐతే అదే 2014లో ఆదాయపుపన్ను చట్టమునకు వివరణ యొకటి చేర్చి, ఈ వ్యయమును వ్యాపారనిమిత్తమైన ఖర్చుగా పరిగణింపరాదనిరి. పన్ను లెక్కకు అది న్యాయమే కావచ్చును. ఖజానాకు గండి పడకుండ చూచుకొనుట ప్రభుత్వపు పని. కాని లెక్కలోని మాట మనసులోనికి దిగినప్పుడు చేటు వచ్చును. వ్యాపారమునకు సంబంధము లేని ఖర్చని ఒకసారి అనుకొన్న పిమ్మట, అది దానమగును. దానమైనచో దాత పేరు కావలయును. చెరువుగట్టున బెంచీకి, మొక్క చుట్టు కట్టిన కంచెకు, బడిలోని నీళ్ల కుళాయికి లోగోలు మొలచును. మా దాత కూడ చెరువుదారిలోని గండిని పూడ్పించినారు. గండిలో బండి దిగబడినచో తన బెల్లపు బుట్టలే తడియునని ఆయనకు తెలియును. అందుచేతనే అది హమాలీకూలి ప్రక్కన వ్రాయబడినది.

ప్రాంతముతో ఆ సంబంధము పలుచనైనప్పుడు ఏమగునో ఇటీవల చూచితిమి. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలో 2025 మార్చి చివర చెట్లు కూల్చుటకు యంత్రములు దిగినప్పుడు అడ్డు నిలిచినవారు హైదరాబాదు విశ్వవిద్యాలయపు విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించినది. ఆ నేల ఎవరిదను తగవులోనికి నేను దిగను. దాని చల్లదనముతోను దానిలో ఇంకు వాననీటితోను ఎక్కువ పనియున్నవారు ప్రక్కనున్న కార్యాలయములవారే కదా. ఆ దినములలో మన వర్తకసంఘముల కంఠము ఎంత దూరము వినబడినదో ఈ సభలోనివారే చెప్పవలెను.

నా విన్నపము పెద్దది కాదు. 2024 ఆరంభమున మాదాపురములో ఒక భోజనపు బండిని రద్దీ పేరిట తొలగింపబోగా, సంగతి ముఖ్యమంత్రి వరకు పోయి ఆ బండి నిలిచినది. ఒక బండి నిలుచుటకు ముఖ్యమంత్రి కావలసివచ్చుట మన సంఘములకు గౌరవము కాదు. వీథి విక్రేతల రక్షణకై 2014లో చేసిన చట్టము ప్రకారము పట్టణ విక్రయ కమిటీలో కనీసము 40 శాతము సభ్యులు ఎన్నికైన విక్రేతలై ఉండవలెను, వారిలో మూడవవంతు స్త్రీలు. అదే కమిటీలో వర్తకసంఘముల ప్రతినిధులకు కూడ స్థానము చెప్పబడినది. టీ బండివాడును ఐటీ సంస్థ ప్రతినిధియు ఒకే బల్లకు ఇరువైపుల కూర్చుండుటకు చట్టము వేసిన కుర్చీలవి. సంఘములవారు ఆ కుర్చీలలోనికి రావలెనని కోరుచున్నాను. షటిల్ వేళలను నిర్ణయించునప్పుడు తెల్లవారుజామున అంతస్తులు ఊడ్చుటకు వచ్చు ఆమెను, వానకాలపు లాగౌటు వేళలు వ్రాయునప్పుడు గేటు కావలివానిని, అతని తరువాతి పాళీవానిని పిలిచి అడుగవలెనని కోరుచున్నాను. ఈ ధర్మనిధి వడ్డీతో ఏటేట జరుగు ఉపన్యాసమునకు వారిలో ఒకరిని వక్తగా పిలుచుటకు కుటుంబమువారు సమ్మతించినచో, వచ్చే ఏడు నా కుర్చీని సంతోషముతో ఖాళీ చేసెదను.

రోడ్డు వెడల్పులో కొట్టు పోయిన నెలలో కూడ ఆ ఆవర్జాలో ధర్మము ఖాతా ఉన్నది: నాలుగు బస్తాల మీది పైకము, ఎదురుగా 'బావి చేదత్రాటికి' అని ఖర్చు. సభ ముగిసిన పిదప పుస్తకము ఈ బల్లమీదనే ఉండును. చూడగోరువారు చేతులు తుడుచుకొని పుటలు త్రిప్పవలెను, కాగితము పాతది.